కాపలా ఎక్కడ పెట్టాలి?



కాపలా అనగానే మనకు గేటు దగ్గర వాచ్‌మనో, స్తంభం మీద సీసీ కెమెరానో గుర్తొస్తుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది కంటికి కనిపించని కాపలా గురించి. భూమి కింద, మంచినీళ్ల పైపుల్లో ఉండే కాపలా గురించి.

పొద్దున్నే మీరు కుళాయి తిప్పి బిందె పెడతారు. హైదరాబాద్ వైపు వాళ్లయితే నల్లా తిప్పుతారు. ఆ నీళ్లలో రాకూడనిదేదైనా కలిసిందా అన్నది మీకన్నా ముందే పసిగట్టే పరికరాలున్నాయి. వాటినే సెన్సర్లంటారు. నీళ్లలో క్లోరిన్ ఎంతుంది, మడ్డి ఎంతుంది, కరిగిన లవణాలు ఎన్ని, ఇలాంటివి నిమిష నిమిషానికీ కొలుస్తాయి. తేడా వస్తే ఆఫీసుకు కబురు పంపిస్తాయి.

సరే, పరికరం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలి?

ఈరోజు మన ప్రశ్న ఇదే. ఎన్ని పెట్టాలన్నది కాదు, ఎక్కడ పెట్టాలన్నది. ఎన్ని అన్నది బడ్జెట్ తేలుస్తుంది. ఎక్కడ అన్నది తేల్చడమే కష్టం. ఈ పనిలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ల సాయం తీసుకుంటున్నారు. మెషిన్ లెర్నింగ్ అన్న మాట మీరు వినే ఉంటారు. పాత అనుభవాల నుంచి, కొలతల నుంచి యంత్రం తనంతట తాను నేర్చుకోవడం. ఆ విద్యను ఈ కాపలాకు ఎలా వాడుతున్నారో చెబుతాను.

ముందు ఒక ఊరి కథ వినండి. నిజంగా జరిగింది.

కెనడా దేశంలో, ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అని చిన్న ఊరుంది. జనాభా ఐదు వేల లోపే. 2000 సంవత్సరం మే నెలలో అక్కడ కొన్ని రోజుల పాటు కుండపోతగా వాన కురిసింది. ఆ ఊరికి నీళ్లిచ్చే బావుల్లో ఐదో నంబరు బావి లోతు తక్కువ. దగ్గర్లోనే పశువులున్న కమతం. పొలంలో చల్లిన పేడ ఎరువు వాన నీటితో పాటు నేలలోకి ఇంకి, ఆ బావిలోకి చేరింది. దాంతో పాటు ప్రాణాంతకమైన బ్యాక్టీరియా చేరింది. ఊరంతా ఆ నీళ్లే తాగారు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు.

దీని మీద జస్టిస్ డెనిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చారు. అందులో రెండు సంగతులు చెప్పుకోవాలి. ఒకటి, రోజూ క్లోరిన్ కొలవాల్సిన సిబ్బంది చాలాసార్లు కొలవకుండానే పుస్తకంలో అంకెలు రాసేవారు. రెండోది మరీ ముఖ్యం. ఆ ఐదో నంబరు బావి దగ్గర క్లోరిన్‌నీ, నీటి మడ్డినీ నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టి ఉంటే ఈ ఉపద్రవం వచ్చేది కాదని నివేదిక తేల్చి చెప్పింది.

గమనించారా? వందల యంత్రాలు అక్కర్లేదు. సరైన చోట రెండు మూడు ఉంటే చాలు. కానీ ఆ సరైన చోటు ఏదో అందరికీ తెలిసొచ్చింది మనుషులు పోయాక.

వాకర్టన్ చిన్న ఊరు. బావులు కొన్నే. ఎక్కడ పెట్టాలన్నది ఆలోచిస్తే తట్టేదే. మరి పెద్ద నగరమైతే? పైపులు వేల చోట్ల చీలుతాయి, వేల చోట్ల కలుస్తాయి. వాటిలో ఏ కూడలి దగ్గర పెట్టాలి?

ఈ ప్రశ్న అమెరికాను గట్టిగా పట్టుకుంది 2001 సెప్టెంబరు దాడుల తర్వాత. విమానాలతో భవనాలను కూల్చినవాళ్లు రేపు నగరం తాగే నీళ్లలో విషం కలిపితే ఏమిటి దిక్కు అన్న భయం మొదలైంది. 2002లో అక్కడ ఒక చట్టం చేసి, మరీ చిన్నవి తప్ప నీటి సరఫరా సంస్థలన్నీ తమ బలహీనతలను లెక్క చూసుకోవాలన్నారు. పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి కాపలాకు సిన్సినాటి నగరాన్ని మొదటి ప్రయోగస్థలంగా తీసుకుంది. అదే సిన్సినాటిలో 2006లో ఒక విచిత్రమైన పోటీ పెట్టారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే, నీటి సెన్సర్ల సమరం.

పోటీ ఏమిటంటే, నిజంగా ఉన్న రెండు నీటి సరఫరా వ్యవస్థల మ్యాపులు ఇచ్చారు. ఏ ఊరివో చెప్పలేదు. పోల్చుకోకుండా రూపురేఖలు కాస్త మార్చారు కూడా. ఎందుకు మార్చారో ఊహించగలరు. ఒకటి చిన్నది, 130 కూడళ్ల దాకా ఉంటుంది. రెండోది పెద్దది, 12,500 కూడళ్లకు పైనే. మీ చేతిలో 5 సెన్సర్లే ఉంటే ఎక్కడ పెడతారు, 20 ఉంటే ఎక్కడ పెడతారు చెప్పండి అన్నారు. పదిహేను జట్ల దాకా పోటీపడ్డాయి. విశ్వవిద్యాలయాల వాళ్లున్నారు, ఇంజనీర్లున్నారు, కంప్యూటర్ వాళ్లున్నారు.

వింటుంటే ఇదేమంత కష్టం అనిపిస్తుంది. పెద్ద ట్యాంకు దగ్గర ఒకటి పెట్టేస్తే సరిపోదా? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు గదా, ట్యాంకు నీళ్లు బాగుంటే ఊరి నీళ్లు బాగున్నట్టే గదా?

కాదు. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి. పైపులో నీళ్లు అలా ఉండవు. అవి ఒక వైపుకే పోతాయి. ట్యాంకు దాటాక మూడో బజారులో పైపు పగిలి మురుగు కలిసిందనుకోండి. ట్యాంకు దగ్గరున్న సెన్సర్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. నీళ్లు వెనక్కి వచ్చి చెప్పవు. పోనీ చిట్టచివర పెడదామా? చివర పెడితే పైన ఎక్కడ ఏది కలిసినా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి చేరుతుంది. కానీ అది చేరేసరికి దారిలో ఉన్న ఇళ్లవాళ్లంతా తాగేసి ఉంటారు.

ముందు పెడితే చాలా వాటిని చూడలేదు. చివర పెడితే చూస్తుంది, కానీ ఆలస్యంగా చూస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. నీటి దారి రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి జనం నిద్రపోయాక నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. పొద్దున స్నానాల వేళకు ట్యాంకులోంచి దిగుతాయి. కొన్ని పైపుల్లో ప్రవాహం పూటకోవైపు తిరుగుతుంది. అంటే పొద్దున కలిసిన మురికి ఒక పేటకు పోతే, సాయంత్రం అదే చోట కలిసిన మురికి ఇంకో పేటకు పోతుంది.

ఇదంతా మనిషి బుర్రలో పట్టదు. అందుకని కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి నగరాన్ని కడతారు. ప్రతి పైపు, ప్రతి వాల్వు, ప్రతి పంపు అందులో ఉంటాయి. దీనికి ఈపానెట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికా పర్యావరణ సంస్థే తయారుచేసింది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆ ఉత్తుత్తి నగరంలో ఒకచోట విషం కలిపి చూస్తారు. ఎంతసేపటికి ఎక్కడికి పోయిందో రాసుకుంటారు. తర్వాత ఇంకోచోట, మరో వేళకు. పోటీలో పాల్గొన్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం జట్టు ఇలా 36 లక్షల సంఘటనలను కంప్యూటర్‌లో నడిపి చూసింది. నిజం నగరంలో ఒక్కటి కూడా జరగకూడని సంఘటనలు. యంత్రం మాత్రం అన్నిటినీ చూసింది.

తర్వాత పని ఏమిటి? 36 లక్షల సంఘటనలు తెలుసు. 5 సెన్సర్లు పెట్టే అన్ని విధాలూ ప్రయత్నించి, ఏది బాగుంటే అది ఎంచుకుంటే సరిపోతుంది గదా?

సరిపోదు. చిన్న మ్యాపులోనే, 5 సెన్సర్లకే, పెట్టగల విధాలు 20 కోట్లు దాటతాయి. పెద్ద మ్యాపులో 20 సెన్సర్లకు ఎన్ని విధాలో చెప్పాలంటే, ఒకటి వేసి పక్కన అరవైకి పైగా సున్నాలు పెట్టాలి. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా, ఈ భూమి ఉన్నన్నాళ్లు లెక్కపెట్టినా తెమలదు.

ఇక్కడే ఒక చక్కటి కిటుకుంది. నిదానంగా చెబుతాను.

అన్నీ ఒకేసారి పెట్టాలని చూడకండి. ఒక్కొక్కటే పెట్టండి. మొదటిది, ఒంటరిగా ఎక్కడుంటే అన్నిటికన్నా ఎక్కువ మేలో అక్కడ పెట్టండి. ఇక రెండోది. మొదటిది ఉండగా, ఇంకెక్కడ పెడితే కొత్తగా ఎక్కువ మేలో చూడండి. మొదటి దాని పక్క బజారులో పెడితే, మొదటిది చెప్పిందే అదీ చెబుతుంది. డబ్బు దండగ. కాబట్టి రెండోది ఊరికి అటువైపు పోతుంది. ఆ రెండూ ఉండగా, మూడోది. ఇలా ముందుకు.

మళ్లీ చెబుతాను. ప్రతిసారీ అడగాల్సింది ఈ చోటు మంచిదేనా అని కాదు. ఇప్పటికే పెట్టినవి ఉండగా, ఈ చోటు కొత్తగా ఏం చెబుతుంది అని.

వినడానికి అతి మామూలు మాట. కానీ దీని వెనక గట్టి గణితం ఉంది. 1978లో నెమ్‌హాసర్, వూల్సీ, ఫిషర్ అనే ముగ్గురు ఒక సిద్ధాంతం నిరూపించారు. సెన్సర్లు పెరిగేకొద్దీ ఒక్కో కొత్త సెన్సర్ తెచ్చే అదనపు లాభం తగ్గుతూ పోతుంటే, ఇలా ఒక్కొక్కటిగా ఎంచుకునే పద్ధతి ఎప్పుడూ మరీ చెడిపోదు. సాధ్యమైన అత్యుత్తమ ఫలితం నూరు మార్కులనుకుంటే, దీనికి 63 కన్నా తక్కువ రావు. ఇది హామీ. ఆచరణలో ఇంకా చాలా ఎక్కువే వస్తాయి.

కార్నెగీ మెలన్ జట్టులో ఆండ్రియాస్ క్రౌజే, యూరె లెస్కోవెచ్, కార్లోస్ గెస్ట్రిన్ వంటివారు ఉన్నారు. వాళ్లు ఇందులో ఇంకో కిటుకు కూడా వాడుకున్నారు. ఒక చోటు విలువ కిందటిసారి లెక్కలో తక్కువగా ఉందంటే, ఇప్పుడు అది పెరిగే వీల్లేదు. తగ్గుతుంది, లేదా అంతే ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ 12,500 చోట్లనూ మళ్లీ లెక్కగట్టక్కర్లేదు. జాబితాలో పైనున్న నాలుగింటిని చూస్తే తేలిపోతుంది. 2007లో వాళ్లు ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ బద్ధకపు లెక్క మామూలు పద్ధతి కన్నా 700 రెట్లు వేగంగా పనిచేసింది. బద్ధకం అన్నది నా వెటకారం కాదు, వాళ్ల శాస్త్రంలో నిజంగానే ఆ పేరుతో పిలుస్తారు.

ఇక్కడిదాకా వింటే, యంత్రానికి మ్యాపు ఇస్తే చాలు, చోట్లు అదే చెప్పేస్తుంది అనిపిస్తుంది. అక్కడే మనం ఆగాలి.

ఆ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది. నిర్వాహకులు ఒక్క కొలబద్దతో ఆగలేదు. నాలుగు పెట్టారు. ఎంత త్వరగా పసిగట్టింది అన్నది ఒకటి. పసిగట్టేలోపు ఎంతమంది జబ్బుపడి ఉంటారన్నది రెండు. పసిగట్టేలోపు కలుషితమైన నీళ్లు ఎంత తాగేశారన్నది మూడు. అసలు ఎన్ని సంఘటనలను పసిగట్టగలిగిందన్నది నాలుగు. ఈ నాలుగూ ఒకటే గదా అనిపిస్తుంది. కాదు. ఒక్కో కొలబద్దకు ఒక్కో రకం చోట్లు వచ్చాయి. ఒకదానిలో ముందున్న జట్టు ఇంకోదానిలో వెనకబడింది.

కారణం చూడండి. ఎన్ని సంఘటనలను పట్టుకున్నావు అని మాత్రమే అడిగితే, యంత్రం సెన్సర్లను ఊరి చివరలకు తోసేస్తుంది. అక్కడికి అన్నీ చేరతాయి గదా. ఆలస్యంతో దానికి పనిలేదు, మనం అడగలేదు కాబట్టి. ఎంతమంది జబ్బుపడతారు అని అడిగితే, సెన్సర్లు జనం కిక్కిరిసిన పేటలకు ఎదురుగా వచ్చి నిలబడతాయి. అప్పుడు ఊరి చివర, విసిరేసినట్టున్న నలభై ఇళ్ల కాలనీ ఉందనుకోండి. లెక్కలో దాని బరువు తక్కువ. ఆ కాలనీకి కాపలా దక్కదు. యంత్రం తప్పు చేసిందా? లేదు. మనం అడిగింది అడిగినట్టు చేసింది.

ఆ కాలనీలో ఒక డయాలసిస్ కేంద్రం ఉందనుకోండి. మామూలు మనిషికి ఏమీ చెయ్యని క్లోరిన్ కూడా డయాలసిస్ రోగి రక్తంలోకి చేరితే ప్రమాదం. ఆ సంగతి మనం చెబితేనే యంత్రానికి తెలుస్తుంది. చెప్పకపోతే తెలియదు.

చోటు యంత్రం చెబుతుంది. ఎవరిని కాపాడాలన్నది మనం చెప్పాలి. ఈ ఒక్క మాట కోసమే నేను ఈరోజు మైకు ముందుకు వచ్చాను.

ఇక యంత్రం నేర్చుకోవడం అన్న సంగతికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా లెక్క. నేర్చుకోవడం ఎక్కడుంది?

కాలిఫోర్నియాలో బర్క్‌లీ అనే ఊరుంది. అక్కడ ఇంటెల్ సంస్థ పరిశోధనశాలలో 2004లో 54 చిన్న సెన్సర్లు పెట్టారు. గదుల్లో వేడి, తేమ, వెలుతురు కొలవడానికి. ఆ కొలతలను తీసుకుని, ఇందాక చెప్పిన పరిశోధకులే ఒక ప్రశ్న వేశారు. 54 ఎందుకు, కొన్నే ఉంచాలంటే ఏవి ఉంచాలి? కొన్ని రోజుల కొలతలు చూసి, ఏ మూల వేడెక్కితే ఏ మూల కూడా వేడెక్కుతుందో యంత్రం నేర్చుకుంది. కిటికీ పక్కది చెబితే దాని పొరుగుది ఎంతో ఊహించవచ్చు. ఊహించగలిగిన చోట సెన్సర్ ఎందుకు?

అంతకు ముందు వాడుకలో ఉన్న పద్ధతి వేరు. ఎక్కడ మనకు అనుమానం ఎక్కువో అక్కడ పెట్టు అనేది దాని సూత్రం. సబబుగానే ఉంది గదా. కానీ అలా పెడితే సెన్సర్లన్నీ గోడల అంచులకు, మూలలకు పోయి కూర్చున్నాయి. ఎందుకంటే అన్నిటికీ దూరంగా ఉన్న చోటే అనుమానం ఎక్కువ. గోడ దగ్గర కూర్చున్న సెన్సర్ సగం శక్తి గోడ అవతలికి వృథా. క్రౌజే, గెస్ట్రిన్ ప్రశ్నను తిప్పి వేశారు. సెన్సర్ లేని చోట్ల గురించి ఎక్కువ చెప్పగలిగే చోటు ఏది? అలా అడిగేసరికి సెన్సర్లు గది లోపలికి వచ్చాయి. అదే సామాను, అదే గది. ప్రశ్న మారింది, చోట్లు మారాయి.

పెట్టాక కూడా నేర్చుకోవడం ఆగదు. ట్యాంకు నిండేటప్పుడు క్లోరిన్ ఒకలా ఉంటుంది, ఖాళీ అయ్యేటప్పుడు ఇంకోలా ఉంటుంది. ఎండాకాలం ఒకలా, వానాకాలం ఇంకోలా. క్లోరిన్ తగ్గిన ప్రతిసారీ సైరన్ మోగితే, వారం తిరక్కుండా సిబ్బంది సైరన్ తీగ పీకేస్తారు. అందుకని అమెరికాలో శాండియా జాతీయ పరిశోధనశాల, పర్యావరణ సంస్థ కలిసి కెనరీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాయి. అది ముందు ఆ చోటి అలవాట్లు నేర్చుకుంటుంది. ఏ మార్పు రోజువారీదో, ఏ మార్పు కొత్తదో విడదీస్తుంది. కొత్తదైతేనే పిలుస్తుంది. నీళ్లలో ఏ విషం కలిసిందో ఈ సెన్సర్లకు తెలియదు. నీళ్లు నిన్నటిలా లేవని మాత్రం తెలుస్తుంది. మొదటి కబురుకు అది చాలు.

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలు ప్రమాదవశాత్తూ కలిసే మురికికి సరిపోతాయి. దానికి కళ్లుండవు. సెన్సర్ ఎక్కడుందో దానికి తెలియదు. మరి కావాలని కలిపేవాడికి కళ్లుంటాయి గదా? సెన్సర్లు ఎక్కడెక్కడున్నాయో వాడు ముందే కనుక్కుంటే?

అప్పుడు సగటు లెక్క పనికిరాదు. సగటున చాలా బాగున్న అమరికలో కూడా కాపలా లేని సందు ఒకటి ఉంటుంది. వాడు సరిగ్గా ఆ సందే ఎంచుకుంటాడు. అందుకని 2007లోనే క్రౌజే బృందం ఇంకో పద్ధతి చెప్పింది. సగటును మరచిపోండి, అన్నిటికన్నా చెడ్డ సందర్భంలో నష్టం ఎంతో చూడండి, దాన్ని తగ్గించండి అని. ఇలా పెట్టినప్పుడు సగటు మార్కులు కొంచెం తగ్గవచ్చు. కానీ శత్రువుకు తేలిగ్గా దొరికే సందు ఉండదు.

మనుషులు చేసే కాపలాలో ఇంకో దారి కూడా ఉంది. కాపలాను రోజూ మార్చడం. లాస్ ఏంజలిస్ విమానాశ్రయంలో 2007 ఆగస్టు నుంచి ఈ పని మొదలుపెట్టారు. విమానాశ్రయానికి వచ్చే దారుల మీద తనిఖీ కేంద్రాలు ఏ వేళకు ఎక్కడ ఉండాలి, పేలుడు పదార్థాలను వాసన పట్టే కుక్కలు ఏ టెర్మినల్‌కు పోవాలి, ఇవి కంప్యూటర్ చీటీ తీసినట్టు చెబుతుంది. అన్నీ సమానమైన చీటీలు కావు. ముఖ్యమైన చోట్లకు ఎక్కువ అవకాశం. కానీ ఏ రోజు ఎక్కడో ముందుగా ఎవరికీ తెలియదు. నన్నడిగితే కుక్క ముక్కు కూడా సెన్సరే, ఖరీదైన సెన్సర్. ఈ పని చేసింది సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిలింద్ తంబే బృందం. దాని గుండెకాయ లాంటి లెక్కను రాసిన పరిశోధన పత్రంలో మొదటి పేరు మన పరుచూరి ప్రవీణ్‌ది. తర్వాత ఆయన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో అధ్యాపకుడయ్యారు.

పైపులో బిగించిన సెన్సర్‌ను రోజుకోచోటికి మార్చలేం, దాని చోటును దాచిపెట్టాల్సిందే. కాబట్టి పోటీకి ఇచ్చిన మ్యాపుల రూపురేఖలు ఎందుకు మార్చారో ఇప్పుడు మీకు అర్థమైంది గదా.

మరి మన సంగతి? ఈ లెక్కలన్నీ మన ఊళ్లకు పనికొస్తాయా?

పనికొస్తాయి, కానీ ఉన్నవి ఉన్నట్టు కాదు. అమెరికాలో, కెనడాలో పైపుల్లో ఇరవైనాలుగ్గంటలూ నీళ్లుంటాయి. ఒత్తిడి ఉంటుంది. పైపుకు చిల్లు పడితే నీళ్లు బయటికి పోతాయి, బయటి మురికి సాధారణంగా లోపలికి రాదు. మన దగ్గర చాలా ఊళ్లలో నీళ్లు గంటో రెండు గంటలో వస్తాయి. కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. మిగతా వేళల్లో పైపు ఖాళీ. ఒత్తిడి లేదు. పక్కనే మురుగు కాలువ ఉండి, పైపుకు చిల్లుంటే, ఆ మురుగు లోపలికి దిగుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి ధారతో కలిసి ఇంట్లోకి వస్తుంది. మొదట వచ్చిన నీళ్లు పారబోసి తర్వాత బిందె పెట్టే ఇల్లాలికి ఈ సంగతి ఏ సెన్సరూ చెప్పనక్కర్లేదు.

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన నీళ్లు తాగి పలువురు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. విషం ఎవరూ కలపలేదు. శత్రువు ఎవరూ రాలేదు. మన దగ్గర నీటి భద్రత అంటే ముందుగా ఇదీ.

ఖాళీ అయ్యే పైపులో సెన్సర్ పెడితే దాని కొన ఎండిపోతుంది, కొలత తప్పుతుంది. అంతకన్నా పెద్ద అడ్డంకి మ్యాపు. ఉత్తుత్తి నగరాన్ని కట్టాలంటే ప్రతి పైపూ కాగితం మీద ఉండాలి. మన పాత బస్తీల్లో ఏ పైపు ఎటు పోయిందో, ఏ వాల్వు ఎంత తిప్పితే ఏ బజారుకు నీళ్లెక్కుతాయో కాగితం మీద ఉండదు. వాల్వు తిప్పే మనిషి బుర్రలో ఉంటుంది. ఆయన రిటైరైతే ఆ మ్యాపు ఆయనతో పాటు ఇంటికి వెళ్లిపోతుంది. సెన్సర్లకు డబ్బు మంజూరు చేసే అధికారులకు నా మనవి ఒక్కటే. మొదటి రూపాయి ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు గీయడానికి ఖర్చుపెట్టండి.

ఇంకొక్క హెచ్చరిక. మ్యాపు లేని చోట ఫిర్యాదులను బట్టి యంత్రానికి నేర్పుదామని కొందరంటారు. ఎక్కడి నుంచి ఎక్కువ ఫోన్లు వస్తే అక్కడ సెన్సర్ పెట్టమని. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫోన్ చేస్తే ఎవరైనా వస్తారని నమ్మకం ఉన్నవాళ్లే ఫోన్ చేస్తారు. నమ్మకం పోయిన బస్తీ ఫోన్ చెయ్యదు, నీళ్లు వడగట్టుకుని తాగుతుంది. యంత్రం దృష్టిలో అది సమస్యే లేని బస్తీ. దాన్ని ఇంకా మర్చిపోతుంది. ఎవరిని కాపాడాలన్నది మనం చెప్పాలని ఇందాక అన్నది ఇందుకే.

కోట్ల రూపాయల యంత్రాలు రావడానికి ముందే మీరు చెయ్యగల పని ఉంది. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించాలని నిర్ణయించారు. చిన్న కిట్టు, అందులో రసాయనాలు, రంగు చూసి చెప్పడం. మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కోండి. పరీక్ష ఎక్కడ చేస్తున్నారో అడగండి. ట్యాంకు కింద చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది, క్లోరిన్ కలిపేది అక్కడే గదా. ఊరి చిట్టచివరి కుళాయి దగ్గర చెయ్యమనండి. హైదరాబాద్‌లో అయితే నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా జలమండలికి 155313 నంబరుకు ఫోన్ చెయ్యండి, చెయ్యనివాళ్ల తరఫున కూడా చెయ్యండి. చివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. తగ్గితే అడిగే హక్కు మీకుంది.